తోడు మంచం

కొండ మీద తెల్లవారడానికి సూర్యుడితో పెద్ద పనిలేదు. ముందు మంచు తెల్లబడుతుంది. తర్వాత నీలగిరి చెట్లు ఒక్కొక్కటే అందులోంచి బయటికి వస్తాయి. ఆ తర్వాత వంటగదిలో కాఫీ గిన్నె మీద మూత చప్పుడవుతుంది. హార్సిలీ కొండ మీది నిద్రాలయంలో ఉన్నవాళ్ళు ఆ చప్పుడుకి లేచి, మొహమైనా కడుక్కోకుండా, దుప్పట్లు కప్పుకుని పొడుగాటి వరండాలోకి వచ్చి కూర్చుంటారు. కాఫీ గొంతులో పడకముందే రాత్రి వచ్చిన కల చెప్పేయాలి. వేడి తగిలితే కల కరిగిపోతుందని డాక్టర్ పరాంకుశం నమ్మకం.

కలలు చెప్పేది రోగులు. వినేది వాళ్ళకి తోడుగా వచ్చినవాళ్ళు.

"నేను మేళం వాయిస్తా ఉండాను," అంది చెంగమ్మ ఆ ఉదయం. "ముందర ఏనుగు పోతా ఉంది. ఎనకాల ఊరు ఊరంతా. ఊది ఊది నా బుగ్గలు ఇప్పటికీ నొప్పిగా ఉండాయి."

నిజంగానే రెండు బుగ్గలూ పట్టుకుని అందరికీ చూపించింది. పక్కన కూర్చున్న ఆమె మొగుడు మునిరత్నం నాదస్వరం వాయించేవాడు. కండువా చెవుల మీదికి లాక్కుంటూ నవ్వాడు.

"నా కల నీకెట్ల వచ్చిందే? పెండ్లికి ముందు నుంచీ నాకొచ్చే కల అది. ఏనుగుతో సహా."

"మొగుడి సొత్తు పెండ్లానికి రాక పక్కింటామెకి పోతాదా?"

వరండా అంతా నవ్వింది. కుముదిని కూడా నవ్వింది, అందరి నవ్వూ అయిపోయాక. ఈ మధ్య ఆమెకి ఇలాగే అవుతోంది. మాట చెవిలో పడుతుంది, దాని అర్థమూ తెలుస్తుంది, నవ్వు మాత్రం వెనక ఎక్కడో నడిచి వస్తున్నట్టు ఆలస్యంగా చేరుతుంది. ఆసుపత్రి మంచం పడలేదని సరిపెట్టుకుంది. నిద్రకేం లోటు లేదు. పడుకుంటే నల్లగుడ్డ కప్పినట్టు ఒకటే నిద్ర. గుడ్డ తీస్తే తెల్లారుతుంది.

"నీ కలేది మే?" అని చెల్లెల్ని అడిగింది.

"ఇప్పుడు చెప్పను కా," అంది రేణుక. మోకాళ్ళ మీద గళ్ళ కాగితం పెట్టుకుని అప్పటికే పెన్సిలు చెక్కుతోంది. "ముందు గీస్తా. చెప్తే గీత రాదు."

ఆ మాట వినడానికే కుముదిని కొండెక్కింది.

రేణుక మదనపల్లెలో పట్టుచీరల అంచులకి డిజైన్లు గీసేది. నాన్న మగ్గం నేసినన్నాళ్ళూ ఆయన పక్కన కూర్చుని నేర్చుకుంది. ఆయన పోయాక అక్కచెల్లెళ్ళిద్దరే ఆ ఇంట్లో మిగిలారు. కుముదిని కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి వచ్చేసరికి రేణుక నేల మీద కాగితాలు పరుచుకుని, తలెత్తకుండా, "అన్నం ఉంది, వేసుకో" అనేది. తర్వాత ఆ జ్వరం వచ్చింది. ఆ ఏడు చాలామందికి వచ్చింది, తగ్గింది. కొందరికి తగ్గుతూ తగ్గుతూ కలలు తీసుకుపోయింది.

కలలు పోతే ఏమవుతుందో అప్పటిదాకా ఎవరూ ఆలోచించలేదు. రేణుక తినేది, పని చేసేది, అడిగినదానికి జవాబు చెప్పేది. ఒకటే మామిడిపిందెని కాగితం తర్వాత కాగితం మీద ఏ తప్పూ లేకుండా గీసేది. బాగుందా అని అడిగేది కాదు. పాలు పోసి పెంచిన వీధికుక్క ఒకరోజు గుమ్మంలో చచ్చిపడి ఉంటే కాసేపు చూసి, "దీన్ని యాడ పారేయాల?" అంది. ఆ గొంతులో కాఠిన్యం లేదు. ఏమీ లేదు. కుముదినికి మొదటిసారి చెల్లెలంటే భయం వేసింది ఆ రోజే.

పగలు చూసినదాన్ని రాత్రి మనసు నములుతుందనీ, నమలనిది ఒంటికి పట్టదనీ పరాంకుశం చెప్పాడు. అందుకు ఆయన కనిపెట్టినదే ఊయల. ఊయల అన్నది అందరూ ముద్దుగా పెట్టుకున్న పేరు. చూడడానికి పరుపు కింద పరిచిన రాగితీగల చాప, అంతే. రాత్రి దీపాలార్పాక అది సన్నగా మూలుగుతుంది. మర్చిపోయిన లయని మెదడుకి మళ్ళీ వినిపిస్తుందనీ, లయ అందితే కల దానంతట అదే పుడుతుందనీ ఆయన సిద్ధాంతం. తలకి కట్టిన పట్టీలోంచి ఒక సూది కాగితం మీద గీత గీస్తూ రాత్రి ఎంతసేపు కల నడిచిందో చెబుతుంది. కరెంటు పోయి ఊయల ఆగిన రాత్రి మర్నాడు మళ్ళీ రోగుల మొహాలు గోడల్లా ఉండేవి. ఊగిన రాత్రి మర్నాడు వరండా సంతలా ఉండేది.

తోడుగా వచ్చినామె లెక్కల మనిషని తెలిశాక పరాంకుశం తన అంకెలన్నీ తెచ్చి కుముదిని ముందు పెట్టాడు.

"హైదరాబాదు నుంచి కమిటీ వస్తా ఉందమ్మా," అన్నాడు ఆ ఉదయం, తన గదిలో. పొడుగాటి మనిషి, కోటు జేబులో ఎప్పుడూ వక్కపొడి. "ఎల్లుండి మధ్యాహ్నానికి ఈడ ఉంటారు. వాళ్ళు సరే అన్నారంటే జిల్లాకొక ఊయల. నాకు ఒక్క అంకె కావాల. ఊయల పనిచేసిందని చెప్పే అంకె."

"ఏ టెస్టు అనుకుంటున్నారు సార్?"

"ఊయల మీద పడుకున్నోళ్ళు ఒక గుంపు, మామూలు మంచం మీద పడుకున్నోళ్ళు ఒక గుంపు. ఊయల వేయకముందు కల ఎంత, వేసినాక ఎంత. ఆ మార్పు సగటు రెండు గుంపుల్లోనూ చూడు. రెండు గుంపుల టి-టెస్టు, మిషన్లో వేస్తే నిమిషం పని."

"వేసేముందు షరతులు చూసుకుంటాను."

"షరతులా? పెండ్లిచూపుల మాదిరా?"

"అంతకంటే ఎక్కువే సార్. పెండ్లిచూపుల్లో అబద్ధమాడితే ఒక్క కొంపే మునుగుతుంది."

ఆయన పెద్దగా నవ్వి వక్కపొడి చేతిలో వేశాడు. అది తీసుకుని ఆమె కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుంది.

కుముదిని ఏ టెస్టునీ అంకెలతో మొదలుపెట్టదు. చుక్కలతో మొదలుపెడుతుంది. టెస్టు అంటే ఒక ప్రశ్న. ఎవరిని ఏ ప్రశ్న అడగొచ్చో ముందు వాళ్ళ మొహం చూస్తే గాని తెలియదు. కాలేజీ పిల్లలకి కూడా అదే చెప్పేది. కాగితం మీద ఎడమవైపు నిలువుగా ఒక గీత, కుడివైపు ఒక గీత, రెండింటినీ నడుమ కలుపుతూ అడ్డంగా ఒక మధ్యరేఖ గీసింది. ఎడమ గీత మీద రోగుల చుక్కలు, కుడి గీత మీద తోడువాళ్ళవి. కల పెరిగితే చుక్క మధ్యరేఖకి పైన, తగ్గితే కింద.

మొదటి షరతు, చుక్కలు నడుమ గుంపుగా, అంచుల్లో పలచగా ఉన్నాయా? కొద్దిమందే కాబట్టి గట్టిగా చెప్పలేం గానీ, ఒంటరిగా దూరం పారిపోయిన చుక్క ఏదీ లేదు. రెండోది, రెండు గుంపులూ ఒకేలా పరుచుకున్నాయా? పరుచుకున్నాయి. ఒకదానికొకటి అద్దంలో చూసుకున్నట్టు ఉన్నాయి. రోగులు పైకి వెళ్ళారు. తోడువాళ్ళు కిందికి జారారు.

కిందికి ఎందుకు జారారు?

కొత్త చోటు, చలి, పక్కన రోగి. జారడంలో వింత లేదు. మూడో షరతు దగ్గర పెన్సిలు ఆగింది. ఒకరి అంకెకి ఇంకొకరి అంకెతో సంబంధం ఉండకూడదు. ఒకళ్ళది తెలిస్తే ఇంకొకళ్ళ గురించి ఏమీ తెలియకూడదు. అంకెలన్నీ ఒకే రైలు ఎక్కిన ముక్కూమొహం తెలియని ప్రయాణికుల్లా ఉండాలి.

వీళ్ళు అలాంటివాళ్ళా? పోలికకి ఎవరిని తీసుకోవాలని ఆలోచించినప్పుడు పరాంకుశం దూరం వెళ్ళలేదు. మనవైపు రోగి ఒంటరిగా ఆసుపత్రికి రాడు. అమ్మో, మొగుడో, అక్కో చాపా చెంబూ పట్టుకుని వెంట వస్తారు. వాళ్ళది అదే ఇల్లు, అవే నీళ్ళు, అదే తిండి. ఎటూ వచ్చి పడుకుంటున్నారు కదా అని వాళ్ళకీ తలపట్టీలు కట్టి, మామూలు గుంపు అన్నాడు. ఎంత సులువుగా ఉందంటే ఎవరికీ అనుమానం రాలేదు. కుముదినికీ రాలేదు. కుడివైపు చుక్కల్లో ఒకటి తనది.

అంకెల పక్కన పేర్లు లేకపోయినా మంచం నంబర్లు ఉన్నాయి. బేసి మంచం రోగిది, దాని పక్క సరి మంచం తోడుది. మనుషులు జతలుగా వచ్చినప్పుడు రెండు గుంపుల టెస్టు పనికిరాదు. జతల టెస్టు పెట్టాలి. అంతే కదా అనుకుని, జతల్ని చూసుకోవడానికి స్కేలు పెట్టి ప్రతి రోగి చుక్కనీ దాని పక్క మంచం చుక్కతో కలపడం మొదలుపెట్టింది.

మొదటి గీత మధ్యరేఖని సరిగ్గా నడిమధ్యన దాటింది. రెండోదీ అక్కడే. మూడోది పెట్టేటప్పుడు స్కేలు జారిందేమోనని మళ్ళీ పెట్టింది. చుక్కలు ఎక్కడెక్కడివో, ఏటవాలు దేనిదదే. కానీ గీతలన్నీ వచ్చి వచ్చి నడుమ ఒక్క చోట ముడిపడుతున్నాయి. వెంట్రుకవాసి అటూ ఇటూ. పిడికెడు దారాలు సూది బెజ్జంలోంచి దూరి అవతల విచ్చుకున్నట్టు.

ఎంత అందంగా ఉంది, అనుకుంది.

ఒకరు ఎంత పెరిగారో పక్కవారు అంతే తగ్గారు. జతని కలిపి చూస్తే ఏమీ మారలేదు. అన్నిటికంటే ఏటవాలుగా ఉన్న గీత తమ మంచాలది.

భయం వెంటనే రాలేదు. బయటికొచ్చి చెట్లలో చాలా దూరం నడిచాక, చెప్పులోకి దూరిన రాయి తీసుకుందామని వంగినప్పుడు వచ్చింది. వంగిన మనిషి అలాగే కూర్చుండిపోయింది. నవ్వు ఎందుకు ఆలస్యమవుతోందో, ఇప్పుడు భయం కూడా ఎందుకు ఆలస్యమైందో ఆమెకి తెలిసింది.

కొంచెం అవతల ఒక బండ మీద మునిరత్నం కూర్చుని ఉన్నాడు. నాదస్వరం ఒళ్ళో ఉంది.

"వాయించడం లేదే?" అంది పక్కనే నిలబడి.

"వాయిస్తే వస్తా ఉందమ్మా. స్వరమేం తప్పడం లేదు." నాదస్వరాన్ని పసిబిడ్డని తిప్పినట్టు ఒళ్ళోనే తిప్పాడు. "ముందైతే ఊదతా ఉండగానే రాగం ఆ పైన యాడికి పోతాదో నాకు కనపడేది. అది పోతాంటే నేను ఎనకాల పోయేవాణ్ణి. ఇప్పుడు గోడ ఎదురొచ్చినట్టు నిలిచిపోతా ఉంది. చలికేమో. కిందికి దిగితే సర్దుకుంటాదిలే." నాదస్వరాన్ని కండువాతో తుడుస్తూ, "చెంగి నవ్వుతా ఉంది కదా, అది చాలు," అన్నాడు.

కుముదిని వెనక్కి తిరిగి వరండా వైపు నడిచింది.

రేణుక వరండా చివర కూర్చుని అంచు గీయడం పూర్తిచేసింది. కాగితం నిండా నిలువు గీతలు. కొన్ని సన్నం, కొన్ని తెగి తెగి, కొన్ని పక్కకి వాలి, కొన్ని ముత్యాల్లా చుక్కలు.

"వాన," అంది రేణుక. మొహం వెలిగిపోతోంది. "ఇల్లు కా, పెద్దిల్లు. ఒక్కో గదిలో ఒక్కో రకం వాన పడతా ఉంది. ఒక గదిలో తుంపర, ఒక దాంట్లో వడగండ్లు. ఏదీ తడవదు. చిట్టచివర గదిలో పరదా. దాని ఎనకాల ఎవురో సన్నగా పాడతా ఉండారు."

పదేళ్ళప్పటి నుంచి కుముదినికి వచ్చే కల అది. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత కథ అందులో లేదు. ఆ పరదా దాకా వెళ్ళేది, చెయ్యి చాచేది, మెలకువ వచ్చేసేది. ఎన్నో ఏళ్ళు ఆ గొంతు ఎవరిదా అని పగలంతా ఆలోచిస్తూ గడిపింది. తన ఒంటరితనానికంతటికీ అర్థం ఆ పరదా వెనక ఉందని ఒక వయసులో గట్టిగా నమ్మింది.

"పరదా తీసినావా?"

"తీసినా."

"ఎవరున్నారు?"

"ఎవురూ లేరు కా." రేణుక నవ్వింది. "కిటికీ తెరిచి ఉంది. గాలి. అదే పాట మాదిరి వినిపిస్తా ఉంది."

* * *

"జతల టెస్టే పెట్టు, నేను వద్దన్నానా?" అన్నాడు పరాంకుశం. గీతల కాగితం ఆయన ముందు ఉంది. దాని వైపు చూడటం లేదు. "ఫలితం మారిపోతాదా?"

"మారదు సార్. కొంచెం పలచబడుతుంది, అయినా నిలుస్తుంది. తేడా ఉందా అని అడిగితే రెండు టెస్టులూ ఉందనే చెబుతాయి."

"మరింకేం?"

"ఆ తేడాలో సగం మీ రోగులు పెరిగింది. మిగతా సగం మేము తరిగింది. మాకూ వాళ్ళకీ సంబంధం లేదనుకుని మీరు ప్రశ్న అడిగారు. సంబంధం ఉంది. ఊయల కలని పుట్టించడం లేదు సార్. పక్క మంచం మీంచి తోడిపోస్తోంది."

మంచు కిటికీ దాకా వచ్చి లోపలికి చూస్తోంది.

"పొద్దున్నే లేచి నా కల పోయిందని పోలీస్ స్టేషనుకి పోయినవాణ్ణి ఎవణ్ణైనా చూసినావా నువ్వు?" అన్నాడు పరాంకుశం. "నీకెన్ని కలలు గుర్తుంటాయి? నూటికి తొంబై పారబోసుకునేటివే. లేనోళ్ళకి కొన్ని పోతే ఏం?"

"మునిరత్నాన్ని అడగండి."

"నీ చెల్లెలు మళ్ళీ గోడ అయిపోతాది. తెలుసు కదా?"

అది తెలుసు. కిటికీ దగ్గర కూర్చున్నప్పటి నుంచీ తెలిసిన విషయం అదొక్కటే. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని, రెండు గుంపుల టెస్టు వేసి ఒక్క అంకె ఇచ్చేస్తే, రేణుక నవ్వుతూనే ఉంటుంది. తాను ఇవ్వగలదు. ఇష్టంగా ఇస్తుంది. ఆ పరదా వెనక ఎవరూ లేరని తేలిపోయాక ఇక దాచుకోవడానికి మాత్రం ఏముంది? కానీ జిల్లాకొక ఊయల. ప్రతి ఊయల పక్కనా ఒక తోడు మంచం. అడగకుండా తోడేది దానమెలా అవుతుంది?

"ఒకటి అడుగుతాను సార్. కొండకి తేకముందు పట్నంలో పెట్టారని మీ కాగితాల్లో ఉంది. అక్కడ ఊయల ఎందుకు పనిచేయలేదు?"

"ఆడ ఒంటిగదులు. గాలి లేదు. ఈ కొండగాలి పడినాకనే..." మాట మధ్యలో ఆగింది. వక్కపొడి కోసం జేబులో పెట్టిన చెయ్యి జేబులోనే ఉండిపోయింది. పట్నంలో రోగి పక్కన తోడుని పడుకోనివ్వలేదు. కొండ మీద గదులు చాలక పడుకోనిచ్చారు. ఆయన మొహంలో ఏదో నెమ్మదిగా కుంగడం కుముదిని చూసింది. చిన్నప్పుడు ఇసుకలో కట్టిన గూడు మీదికి నీళ్ళు వస్తున్నప్పుడు పిల్లల మొహాలు అలా ఉంటాయి.

"ఈ రాత్రికి తోడువాళ్ళందరినీ భోజనాల హాల్లో పడుకోబెడదాం," అందామె. "ఊయల మామూలుగానే నడవనీండి. అది కలని పుట్టించేదే అయితే పొద్దున అందరికీ కలలుంటాయి. మీ రెండు గుంపుల టెస్టు నేనే వేసి, నేనే సంతకం పెడతాను."

"లేకపోతే?"

ఆమె గీతలు ముడిపడిన చోట వేలు పెట్టింది. ఆయన తలూపాడు. కమిటీ వస్తోంది, వార్డు కడగాలని తోడువాళ్ళకి చెప్పమని ఆయాకి కబురు పంపాడు.

* * *

కాఫీ గిన్నె మూత చప్పుడుకి ముందే కుముదినికి మెలకువ వచ్చింది. తడి ఇసుక మీద నడుస్తున్నట్టు, అరికాళ్ళ కింద ఇసుక మెత్తగా జారుతున్నట్టు ఇంకా ఉంది. ఎవరో ఆమె పేరు పిలిచి, వెంటనే ఆ పేరుని నీళ్ళలో ముంచి ఉతుకుతున్నారు. అంత అర్థంలేని కల. హాల్లో చాపల మీద ఒక్కొక్కళ్ళే లేచి కూర్చుంటున్నారు.

"వార్నీ," అన్నాడు మునిరత్నం కళ్ళు నులుముకుంటూ. "ఏనుగు వచ్చింది. ఈసారి నన్ను చూసి తొండమెత్తింది!"

"నాకు మా అత్త వచ్చింది," అందొక పెద్దామె. "సచ్చి ఇన్నేండ్లయినా తిట్లు మానలే."

అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. అడ్డం పడుతున్నారు, పగలబడి నవ్వుతున్నారు. కుముదిని కూడా నవ్వింది. అందరితో పాటే, సరిగ్గా సమయానికి. నవ్వుతూ నవ్వుతూ లేచి వరండా వైపు పరుగెత్తింది.

వరండాలో రోగులు వరసగా కూర్చుని ఉన్నారు. దుప్పట్లు సర్దుకున్నారు. కాఫీ వచ్చింది. వేడి పోకముందే తాగేస్తున్నారు, చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు కనక. చెంగమ్మ గ్లాసు ఖాళీచేసి పక్కన పెట్టి, మంచు వైపు చూస్తూ కూర్చుంది. మునిరత్నం వచ్చి పక్కన కూర్చుని, "చెంగీ, ఏనుగు," అని మొదలుపెట్టి, ఆమె కళ్ళు చూసి ఆగిపోయాడు.

పరాంకుశం సూదులు గీసిన కాగితాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. చెరువులో గాలి లేనప్పటి నీటిలా గీతలన్నీ చదునుగా ఉన్నాయి. ఒక కాగితం తర్వాత ఒకటి తిప్పి, మళ్ళీ మొదటికొచ్చాడు.

"కమిటీ వచ్చేదానికి ముందు వీళ్ళకి చెప్పాల," అన్నాడు. "నేనే చెప్తా."

చెప్పాడు. బాగా చెప్పలేదు. లయ, మెదడు, తీగలు అంటూ ఎక్కడెక్కడో తిరిగి, చివరికి, "మీ కలలు వీళ్ళకి పోయినాయి. నాకు తెల్దు. తెలుసుకోవాల్సింది, తెలుసుకోలే," అన్నాడు. ఎవరూ అరవలేదు. అత్త కలలోకి వచ్చిన పెద్దామె తన కొడుకు తల నిమురుతూ, "నాది తీసుకోనీ సామీ, నాకెందుకీ వయసులో" అంది. ఇంకొకాయన లేచి హాల్లోకి వెళ్ళి చాప చుట్టుకున్నాడు. మునిరత్నం చాలాసేపు చెంగమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుని, బేరం మొదలుపెట్టాడు.

"వారంలో సగం రాత్రులు నీవి, సగం నావి. పెండ్లిండ్ల సీజనులో మాత్రం అన్నీ నాకు. ఏమంటావు?"

"నీ ఇష్టం," అంది చెంగమ్మ, దేని గురించో తెలియనట్టు.

"నా ఇష్టమంట! ముప్పై ఏండ్ల కాపురంలో మొదటిసారి అన్నావే ఆ మాట!" అని నవ్వబోయి, కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఎవరికి వారు ఒప్పుకుని సంతకం చేసేదాకా తోడువాళ్ళ మంచాలు వేరే కట్టడంలో ఉండాలని పరాంకుశం ఆర్డరు వేశాడు. కమిటీకి ఇచ్చే కాగితంలో కుముదిని ఏ టెస్టు అంకే వేయలేదు. గీతల బొమ్మ ఒకటి పెట్టి, కింద రెండు వాక్యాలు రాసింది. ఊయల మీద పడుకున్నవారికీ పక్క మంచం వారికీ సంబంధం లేదన్న షరతు నిలవలేదు. నిలవకపోవడమే ఇక్కడ కనిపెట్టిన సంగతి.

మధ్యాహ్నం మనుషులొచ్చి తోడు మంచాలు ఎత్తడం మొదలుపెట్టారు. రేణుక తన మంచం మీద కూర్చుని చూస్తోంది. నిన్నటి వాన కాగితం తలగడ పక్కన ఉంది. దాని మీద చెయ్యి ఆనించింది గానీ, అది తాను గీసినదన్న గుర్తు ఆ చేతిలో లేదు.

"ఇది వద్దు, ఉండనీండి," అంది కుముదిని తన మంచం కోడు పట్టుకుని. "నేను సంతకం పెట్టేశాను. నేనీడే ఉంటాను."

"వదులు కా," అంది రేణుక.

"నువ్వూరుకో. నేను ఇష్టపడే ఇస్తున్నా. అడక్కుండా తీసుకుంటే తప్పు గానీ..."

"ఈ మాట ఇప్పుడే తేల్చాల." ఆ గొంతులో పంతం లేదు, బాధా లేదు. గళ్ళు లెక్కపెట్టుకుంటూ చెప్పినట్టు చెప్పింది. "ఇప్పుడు నాకేం అనిపించడం లేదు. అందుకే సరిగ్గా చెప్పగలను. ఈ రాత్రి నీ కల వచ్చిందంటే రేపు పొద్దున నాకు పోగొట్టుకోవాలంటే భయం వేస్తాది. ఏడుస్తా. నేను ఏడిస్తే నువ్వు ఎప్పటికీ ఇస్తానే ఉంటావు. నాకు తెలుసు నీ సంగతి."

"ఇస్తే ఏమిటంట?"

"అప్పుడు నువ్వు నా మాదిరి అయిపోతావు. నన్ను చూసుకునేది నీకు అలవాటు. నిన్ను అట్ల చూసేది నాకు రాదు." కొంచెం ఆలోచించి, "ఒక ఇంట్లో ఒకరికైనా ఉండాల కా. నీది నీకుంటే చాలు," అంది.

మనుషులు ఇద్దరూ మంచం రెండు చివరలా పట్టుకుని ఎదురుచూస్తున్నారు. కుముదిని తన చేతిని చూసుకుంది. ఆ చెయ్యి తనది కానట్టు ఒక్కొక్క వేలే విడిపోయింది. మంచం గాల్లోకి లేచి, వరండాలో ఊగుతూ వెళ్ళి, మంచులో కలిసిపోయింది. రెండు మంచాల మధ్య ఉన్న జానెడు చోటు ఇప్పుడు గది అంతా అయింది.

రేణుక లేచి దగ్గరికి వచ్చింది. అక్క మొహాన్ని, కొత్త అంచుని పరీక్షించినట్టు, కింద నుంచి పైకి జాగ్రత్తగా చూసింది.

"ఏడుస్తా ఉండావు."

"ఊఁ."

"నా కోసమా?"

"ఊఁ."

రేణుక చూపుడువేలు చాచి ఆ కన్నీటిని అద్దుకుంది. వేలి కొనమీద నిలిచిన తడిని వెలుతురుకి ఎత్తి చూసింది. దాన్ని ఏం చేయాలో తెలియక కాసేపు అలాగే నిలబడి, తర్వాత మెల్లిగా తన చెంపకి రాసుకుంది.